మా ఇంటి కింద నేల ఎవరిది?

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు ఏమేం చూస్తారో మీకు తెలుసు కదా. తూర్పు వాకిలేనా, కింద ఒక బెడ్‌రూమ్ ఉందా (అమ్మానాన్నలు వస్తే మెట్లెక్కలేరు), స్కూల్ రేటింగ్ ఎంత? మేమూ అంతే. ఆ మూడూ చూసుకునే అట్లాంటాకి ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో ఇల్లు తీసుకున్నాం. ఈ నేలకి ఒక కథ ఉందని మాకెవరూ చెప్పలేదు, మేం అడగనూ లేదు. మొన్న మా చిన్నది స్కూల్ ప్రాజెక్ట్ పట్టుకొచ్చి, "అమ్మా, మనకన్నా ముందు ఇక్కడ ఎవరుండేవాళ్ళు?" అంది. అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

మా కౌంటీకి తూర్పున చట్టహూచీ నది. దాని మీద 1950ల్లో బ్యూఫర్డ్ డ్యామ్ కట్టాక నిండిందే లేక్ లేనియర్, మనం వేసవిలో పులిహోర డబ్బాలు సర్దుకుని వెళ్ళే చోటు. కౌంటీ మొత్తానికి నగరం హోదా ఉన్న ఊరు కమ్మింగ్ ఒక్కటే. దక్షిణం వైపు ఉండే చాలామంది చిరునామాలో ఆల్ఫరెట్టా అనో సువానీ అనో ఉంటుంది గానీ, పన్ను కట్టేది మాత్రం ఫోర్సైత్‌కే.

ఇది మొదట చెరోకీల నేల. 1832లో జార్జియా ప్రభుత్వం వాళ్ళ భూమిని ముక్కలు చేసి లాటరీలో తెల్లవాళ్ళకి పంచింది. ఈ కౌంటీ ఏర్పడిందీ ఆ ఏడాదే. 1838లో సైన్యం వచ్చి చెరోకీలని పడమటికి తరిమేసింది. దారిలో వేలమంది పోయారు.

రెండోసారి తరిమింది 1912లో. సెప్టెంబరులో ఒక తెల్ల అమ్మాయిని అడవిలో ఎవరో కొట్టి పడేశారు, తర్వాత ఆమె చనిపోయింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి మనిషిని జైల్లోంచి గుంపు లాక్కొచ్చి చంపింది. ఇద్దరు కుర్రాళ్ళని విచారణ జరిపి, అక్టోబరులో ఉరి తీశారు. అంతటితో ఆగలేదు. రాత్రిళ్ళు గుర్రాల మీద వచ్చి చర్చిలు తగలబెట్టారు, ఇళ్ళ మీద కాల్పులు జరిపారు. దాదాపు 1,100 మంది నల్లవాళ్ళు కొద్ది నెలల్లోనే కౌంటీ వదిలిపోయారు. కొందరు భూములు అయినకాడికి అమ్ముకున్నారు. వదిలేసిపోయిన భూములకి పన్ను కట్టి, కొందరు పొరుగువాళ్ళు తమవే అనిపించుకున్నారు.

తర్వాత చాలా దశాబ్దాలు ఇది తెల్లవాళ్ళ కౌంటీగానే ఉండిపోయింది. 1987 జనవరి 17న హోసియా విలియమ్స్ వెంట కొద్దిమంది ఊరేగింపుగా వస్తే జనం రాళ్ళు వేశారు. వారం తిరక్కుండా, 24న, సుమారు 20,000 మంది వచ్చి నడిచారు.

అది చదువుతుంటే నాకు చీరాల గుర్తొచ్చింది. 1985లో కారంచేడులో దళితుల్ని చంపినప్పుడు, ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు మా చీరాలకే పారిపోయి వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. నేనప్పుడు చిన్నపిల్లని. "అటు వెళ్ళకే" అని మా నాయనమ్మ నన్ను ఇంట్లోకి లాక్కుపోయింది. ఎందుకని నేను అడగలేదు. పెద్దయ్యాకా అడగలేదు.

1980లో ఈ కౌంటీ జనాభా 28,000 లోపే. 2020కి 2,51,000 దాటింది. అట్లాంటా వైపు వెళ్ళే హైవే 400, ఆ దారి పొడవునా వచ్చిన కంపెనీలు, వాటి వెనకాలే మనం. ఇప్పుడు ఇక్కడ ఆరుగురిలో ఒకరికి పైగా ఆసియా మూలాలవాళ్ళే. నల్లవాళ్ళు మాత్రం నూటికి అయిదుగురు కూడా లేరు. మనల్ని ఈ దేశంలోకి రానిచ్చిన 1965 వలస చట్టం కూడా పౌరహక్కుల పోరాటం నడిచిన రోజుల్లోనే వచ్చింది. వాళ్ళు తిన్న దెబ్బల్లో మన వీసాకీ కొంత వాటా ఉంది. అలాంటిది, "ఆ ఏరియాలో వద్దులే, వాళ్ళెక్కువ" అని మన పార్టీల్లో ఎంత తేలిగ్గా అనేస్తాం! నేనూ అన్నాను.

కమ్మింగ్ డౌన్‌టౌన్‌లో 2021లో రాబ్ ఎడ్వర్డ్స్ గురించి ఒక ఫలకం పెట్టారు. పక్క వీధికి కూరగాయలకని ఎన్నిసార్లు వెళ్ళామో, ఒక్కసారీ చూడలేదు. శనివారం పిల్లల్ని తీసుకెళ్ళాను. చిన్నది అంతా చదివి, "వాళ్ళ ఇళ్ళు ఎక్కడుండేవి?" అంది.

ఎక్కడో ఏముంది? మన సబ్‌డివిజన్ల కిందే అయుండొచ్చు. దానికి అదే చెప్పాను. ఇంటికొచ్చేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.