లష్కర్‌లో బ్యాండు మాస్టర్ల జాడ

మా సికింద్రాబాద్ 1806లో లష్కర్‌గా, కుంపిణీ దండు విడిదిగా మొదలైంది. ఆ దండులో డోలీ మోసిన సురిటి అప్పయ్యను ఏటా ఆషాఢంలో, ఉజ్జయిని మహంకాళి బోనాలప్పుడు తలుచుకుంటాం. కవాతుకు అడుగు కలిపించిన బ్యాండు మాస్టర్ల పేర్లు మాత్రం ఇక్కడ ఎవరి నోటా వినపడవు. వాళ్ల మునిమనవలే ఎక్కడెక్కడి నుంచో వచ్చి తిరుమలగిరి దారి అడుగుతుంటారు. నేరుగా సమాధుల దగ్గరికి వెళ్తారు. రాతి ఫలకం వేయించే స్తోమత అందరికీ ఉండేది కాదు కనుక అక్కడ దొరికేది తక్కువ.

సమాధుల కన్నా ముందు, వెతుకుతున్న బ్యాండు మాస్టర్ ఏ కాలం వాడో తేల్చుకోవాలి. 19వ శతాబ్దం మధ్యదాకా బ్రిటిష్ పటాలాల బ్యాండు మాస్టర్లలో చాలామంది జీతానికి కుదిరిన జర్మన్లు, ఇటాలియన్లు. ఆ జీతం అధికారులు తలా ఇంత వేసుకుని ఇచ్చేవారు. సైనికులు కాని ఇలాంటివాళ్ల కోసం సైన్యం జాబితాలు తిరగేసినా ఫలితం తక్కువే. 1854లో, క్రిమియా యుద్ధ సమయాన, స్కుటారి కవాతులో ఒక్కో బ్యాండు ఒక్కో శ్రుతిలో రాణిగారి గీతం వాయించి పరువు తీసింది. ఆ అవమానం దరిమిలా 1857లో లండన్ దగ్గర నెల్లర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల వెలిసింది. అక్కడ తయారైనవాళ్లు సైనికులే. 1881లో వారంట్ అధికారి హోదా కూడా వచ్చింది. వాళ్ల జాడ బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లోని సైనిక పత్రాల్లో వెతకొచ్చు.

ఇంటి సంగతులకు చర్చి పుస్తకాలే దిక్కు. బాప్టిజం రాసేటప్పుడు బిడ్డ తండ్రి హోదా కూడా రాసేవారు. మా ఊరు నిజాం రాజ్యంలో ఉన్నా దండు మద్రాసు సైన్యానిది. అందుకే ఇక్కడి చర్చి పుస్తకాల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్నాయి. ఉత్త హైదరాబాద్ అని వెతికితే సింధులోని హైదరాబాద్ అడ్డు తగులుతుంది.

ఇక్కడే పుట్టిన వాయిద్యకారుల కథ వేరు. తల్లిదండ్రులిద్దరూ యూరోపియన్లు కానివారిని 1795లో కుంపిణీ పోరాడే కొలువులకు దూరం పెట్టి, డోలు, పిల్లనగ్రోవి, బ్యాండు, గుర్రపు నాడాల పనులకు పరిమితం చేసింది. ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో తాత వాయిద్యం మనవడికి దక్కిందంటే, దాని వెనక ఆ ఉత్తర్వు కూడా ఉంది. అలాంటి పెద్దాయనను బ్యాండు మాస్టర్ హోదాతోనే వెతికితే సగం జీవితం చేజారుతుంది. పెద్దబిడ్డ బాప్టిజం నాడు డ్రమ్మర్ అని, చిన్నబిడ్డ నాటికి బ్యాండు మాస్టర్ అని రాసి ఉంటే, ఆయన ఎదుగుదలంతా ఆ రెండు వరుసల మధ్యే ఉన్నట్టు.