జీవించే హక్కు: అనంతపురం చెప్పే సాక్ష్యం

ప్రజాస్వామ్యం ఒక్క రాత్రిలో కూలిపోదు. కూలిన రోజు వెనుక ఏళ్ల తరబడి అమలైన చట్టాలు వుంటాయి. 1975 జూన్ 25 రాత్రి వచ్చిన ఎమర్జెన్సీని ఒక వ్యక్తి అధికార దాహంగా మాత్రమే చూసేవాళ్లు ఈ వాస్తవాన్ని మరుగుపరుస్తున్నారు. కరువు సీమ అనంతపురం చరిత్రలో నిలబడి చూస్తే అది స్పష్టంగా కనిపిస్తుంది.

తరిమెల నాగిరెడ్డి, ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి ఇద్దరూ ఈ జిల్లా వాళ్లే, బావామరుదులు. 1952 ఎన్నికల్లో అనంతపురం స్థానంలో నాగిరెడ్డి సంజీవరెడ్డిని ఓడించాడు. ఆ తర్వాత ఒకరు రాష్ట్రపతి భవనానికి, ఒకరు అజ్ఞాతవాసానికి చేరారు. ఈ రెండు దారుల మధ్య భారత రాజ్యాంగం కథ వుంది.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెలకే, 1950 ఫిబ్రవరిలో, విచారణ లేకుండా మనిషిని జైల్లో పెట్టే ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. ఏ.కె. గోపాలన్ దాన్ని సవాలు చేస్తే సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందనే చెప్పింది. 1969 ఆఖరుకు ఆ చట్టం గడువు తీరింది. 1971లో మీసా దాని స్థానాన్ని ఆక్రమించింది. అంటే ఎమర్జెన్సీకి కావలసిన పనిముట్లన్నీ మామూలు రోజుల్లోనే, పార్లమెంటు ఓటుతోనే తయారయ్యాయి.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ జైళ్లు చూసిన నాగిరెడ్డి, 1969 మార్చిలో శాసనసభకు రాజీనామా చేశాడు. ఆ డిసెంబరులో మద్రాసులో అరెస్టయ్యాడు. హైదరాబాద్ కుట్రకేసులో ఆయన ఇచ్చిన వాంగ్మూలమే 'తాకట్టులో భారతదేశం'. ఎమర్జెన్సీలో మళ్లీ అజ్ఞాతంలోకి వెళ్లాడు.

1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ధర్మాసనంలో అయిదుగురిలో నలుగురు, ఎమర్జెన్సీలో నిర్బంధితుడికి కోర్టు తలుపు తట్టే హక్కు లేదన్నారు. పోలీసు అక్రమంగా ప్రాణం తీసినా దిక్కులేదా అని జస్టిస్ ఖన్నా అడిగితే, లేదనే ప్రభుత్వ న్యాయవాది అంగీకరించాడు. ఖన్నా ఒక్కడే విభేదించాడు. సరిగ్గా మూడు నెలలకు, జూలై 28న, హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో మారుపేరుతో చేరిన నాగిరెడ్డి కన్నుమూశాడు. ఒకప్పుడు ఈ జిల్లా ప్రజలు ఓట్లేసి పార్లమెంటుకు పంపిన మనిషికి సొంత పేరుతో వైద్యం చేయించుకునే వీలు లేకపోయింది!

1977లో జనం ఎమర్జెన్సీని ఓడించారు. సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యాడు. జీవించే హక్కును ఎమర్జెన్సీలో సైతం రద్దు చేయరాదన్న 44వ రాజ్యాంగ సవరణకు 1979 ఏప్రిల్‌లో ఆమోదముద్ర వేసింది ఆయనే. అది ప్రజల విజయం, సందేహం లేదు. కానీ అదే సవరణలో ముందస్తు నిర్బంధానికి కళ్లెం వేసే మూడో సెక్షను వుంది. దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ జనతా ప్రభుత్వమూ ఇవ్వలేదు, తర్వాతి ప్రభుత్వాలూ ఇవ్వలేదు. 1980 సెప్టెంబరులో జాతీయ భద్రతా ఆర్డినెన్సు వచ్చింది. దాని మీద సంతకమూ సంజీవరెడ్డిదే. ఇది ఒక మనిషి ద్వంద్వనీతి కాదు. హక్కునూ నిర్బంధాన్నీ ఒకే కలంతో రాసుకునే రాజ్యస్వభావం.

మరి హక్కులను కాపాడిందెవరు? 1970ల మొదట్లో శ్రీశ్రీ అధ్యక్షుడుగా పుట్టిన పౌరహక్కుల సంఘం వంటివి. ఎమర్జెన్సీ మొదలైన నెలకు గిరాయిపల్లిలో నలుగురు యువకులు 'ఎదురుకాల్పుల్లో' చనిపోయారని పోలీసులు ప్రకటించారు. పట్టుకుని కాల్చి చంపారని 1977లో తార్కుండే కమిటీ తేల్చింది. కన్నబిరాన్ కోర్టుల్లో, బాలగోపాల్ ఊళ్లలో ఆ పనిని ఏళ్లపాటు సాగించారు. దానికి మూల్యమూ చెల్లించవలసి వచ్చింది: సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథం 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో తన ఆసుపత్రిలోనే హత్యకు గురయ్యాడు.

కరువు జనానికి కావలసింది తిండి కదా, ఈ హక్కుల గొడవెందుకని కొందరంటారు. వేరుశనగ ఎండిన ఏడు నష్టపరిహారం అడగాలన్నా, కరువు పనిలో కూలి బకాయి అడగాలన్నా పదిమంది పోగవ్వాలి, నోరు విప్పాలి. 2024 దాకా 144 సెక్షను ఆపుతూ వచ్చింది ఆ పదిమందినే. ముందస్తు నిర్బంధం మొదట తీసుకుపోయేది వాళ్లలో మాట్లాడగలిగినవాణ్ణే. నోటి హక్కు పోతే నోటి దగ్గర కూడూ పోతుంది.

ఈనాడు ఎమర్జెన్సీ ప్రకటించనక్కరలేదు. 1967 నాటి ఉపా చట్టానికి 2008లో చేర్చిన బెయిలు నిబంధన చాలు, విచారణ పూర్తికాకుండానే ఏళ్లు గడిచిపోతాయి. 2019 సవరణతో ఒక వ్యక్తి మీదనే ఉగ్రవాది ముద్ర వేయవచ్చు. ప్రకటించిన చీకటి మీద జనం ఓటు వేయగలిగారు. ప్రకటించని చీకటిని ముందు పేరుపెట్టి పిలవాలి. రచయితల పని అక్కడే మొదలవుతుంది.