తెరచాప పడవ తాళ్ల శుభ్రత, సంరక్షణ

తెరచాపను ఎత్తడానికి, గాలిని బట్టి తిప్పడానికి, లంగరు వేయడానికి, పడవను రేవులో కట్టడానికి వాడే తాళ్లను ఉప్పు, ఇసుక, ఎండ, రాపిడి బారి నుంచి కాపాడే పనులను తాళ్ల సంరక్షణ అంటారు. ఉతకడం, ఆరబెట్టడం, తనిఖీ చేయడం, అరిగే చోటు మార్చడం, చుట్టి భద్రపరచడం ఇందులో ముఖ్యమైనవి. పైకి బాగా కనిపించే తాడు లోపల బలహీనపడి ఉండవచ్చు. అందుకే తాడును శుభ్రం చేసేటప్పుడే పరీక్షించడం కూడా నావికుల అలవాటు.

పీచు రకాలు

ఒకప్పుడు తాళ్లు ఎక్కువగా మొక్కల నారతోనే తయారయ్యేవి. యూరప్ ఓడల్లో హెంప్ నార, ఫిలిప్పీన్స్‌లో పండే అబాకా నార, హిందూ మహాసముద్ర తీరాల్లో కొబ్బరి పీచు వాడేవారు. కోరమాండల్ తీరంలో మసూలా పడవల చెక్కలను మేకులు లేకుండా కొబ్బరి తాడుతోనే కుట్టేవారు. తడిగా ఉంచిన నార తాడు కుళ్లిపోతుంది కాబట్టి హెంప్ తాళ్లకు పైన్ చెట్ల నుంచి తీసిన తారు పట్టించేవారు.

1935లో అమెరికాలో నైలాన్, 1941లో బ్రిటన్‌లో పాలిస్టర్ నార రూపొందాయి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఇవి క్రమంగా మొక్కల నార స్థానాన్ని ఆక్రమించాయి. కృత్రిమ నార కుళ్లదు గానీ ఎండకు, వేడికి, కొన్ని రసాయనాలకు దెబ్బతింటుంది. నైలాన్ బాగా సాగుతుంది కనుక కుదుపులను ఓర్చుకోవలసిన లంగరు తాళ్లకు, రేవు తాళ్లకు అనువైనది. తడిస్తే దీని బలం 10–15 శాతం తగ్గుతుంది. పాలిస్టర్ తక్కువ సాగుతుంది. తెరచాపను పైకి లాగే హాల్యర్డ్‌కు, దాని కోణాన్ని సరిచేసే షీట్‌కు ఎక్కువగా దీన్నే వాడతారు. పోటీ పడవల్లో కనిపించే డైనీమా అనే కృత్రిమ నారకు బలం చాలా ఎక్కువ, సాగుదల చాలా తక్కువ. అయితే అది దాదాపు 150 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. నైలాన్, పాలిస్టర్ కరగాలంటే 200 డిగ్రీలు దాటాలి.

పాడయ్యే కారణాలు

సముద్రపు నీరు ఆరిపోయాక ఉప్పు పోగుల మధ్యే మిగిలిపోతుంది. అది గాలిలోని తేమను పీల్చుకోవడంతో తాడు పూర్తిగా ఆరదు, బిరుసెక్కుతుంది, కప్పీల్లో సాఫీగా నడవదు. ఇసుక రేణువులు చేరితే నష్టం ఎక్కువ. తాడు బిగిసి వదులైన ప్రతిసారీ అవి పోగులను లోలోపలే కోస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పై పోగులను పెళుసుబారుస్తాయి. తాళ్లను లాగి బిగించే వించ్ మీద బిగువుగా ఉన్న తాడును ఒక్కసారిగా వదిలితే రాపిడి వేడికి పై తొడుగు కరిగి గాజులా మెరుస్తుంది. హుస్సేన్‌సాగర్ వంటి మంచినీటి జలాశయాల్లో ఉప్పు బెడద ఉండదు గానీ నాచు, మట్టి పడతాయి.

ఉతికే విధానం

ప్రతి ప్రయాణం తరవాత తాళ్లను మంచినీటితో తడిపి ఉప్పును కడిగేయడం కనీస జాగ్రత్త. సీజన్ ముగిశాక వాటిని విప్పి పూర్తిగా ఉతుకుతారు. తెరచాప కొయ్య (మాస్ట్) లోపలి నుంచి సాగే హాల్యర్డ్‌ను తీసేముందు దాని కొసకు సన్నని తాడు కుట్టి లాగుతారు. ఆ సన్నని తాడు లోపలే ఉంటే, ఉతికిన హాల్యర్డ్‌ను మళ్లీ ఎక్కించడం తేలిక. అది జారి పడిపోతే మనిషి కొయ్య ఎక్కాల్సి రావచ్చు.

లోహపు కొక్కేలు తీసేసి, తాడును గొలుసు ముడిగా అల్లితే చిక్కు పడదు. తొట్టిలో గోరువెచ్చని నీరు, కొద్దిగా తేలికపాటి సబ్బు కలిపి కొన్ని గంటలు నానబెట్టి, నీరు తేటగా వచ్చేదాకా జాడిస్తారు. నాచు పట్టిన చోట మెత్తటి బ్రష్ వాడతారు. వాషింగ్ మెషీన్‌లో వేయాలంటే వలసంచిలో ఉంచి, తక్కువ వేగంతో తిప్పాలి.

బ్లీచ్ వాడకూడదు. గాఢమైన ఆమ్లాలు నైలాన్‌ను, గాఢమైన క్షారాలు పాలిస్టర్‌ను దెబ్బతీస్తాయి. అధిక పీడనంతో నీరు చిమ్మే యంత్రం మట్టిని ఇంకా లోపలికి నెడుతుంది, పోగులను పైకి లేపుతుంది. బట్టలను మెత్తబరిచే ద్రవం వాడకంపై తయారీదారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. డ్రయ్యర్‌లో వేయకుండా, గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి.

తనిఖీ

ఉతికేటప్పుడు తాడు ఈ కొస నుంచి ఆ కొస దాకా చేతుల్లోంచి సాగుతుంది. గట్టిపడిన చోట్లు, చదునైన భాగాలు, ఉన్నట్టుండి సన్నబడిన చోట్లు వేళ్లకు తెలుస్తాయి. మూడు పేటల తాడైతే పురిని కొద్దిగా విప్పి లోపల చూడాలి. పొడి రాలినా, తెగిన పోగులు కనిపించినా లోపల అరుగుదల ఉన్నట్టే. అల్లిక తాడులో పై తొడుగు చిరిగి లోపలి భాగం కనిపిస్తే తాడును మార్చాలి, లేదా పాడైన మేర కోసేయాలి.

ఆయుష్షు పెంచే పద్ధతులు

హాల్యర్డ్ ఎప్పుడూ కొయ్య పైన కప్పీ దగ్గరే ఒరుసుకుంటుంది. తెరచాపకు కట్టే కొస నుంచి కొంచెం కోసేస్తే అరిగే చోటు జరుగుతుంది. షీట్‌లను కొసలు తిరగేసి వాడతారు. రేవు తాళ్లు అంచులకు తగిలే చోట తోలు లేదా రబ్బరు గొట్టం తొడుగుతారు. ముడి వేస్తే తాడు బలం దాదాపు సగానికి పడిపోవచ్చు. కొసను తిరిగి తాడులోకే అల్లే స్ప్లైస్ బలాన్ని చాలావరకు నిలుపుతుంది. కొసలు విడిపోకుండా గట్టి దారం చుడతారు లేదా వేడితో అతుకుతారు.

సుదీర్ఘ సముద్ర యాత్రల్లో మంచినీరు పరిమితం. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఐఎన్ఎస్‌వీ తారిణి పడవలో భూమిని చుట్టివచ్చారు. అలాంటి యాత్రల్లో తాళ్లను ఉతకడానికి రేవులే అనుకూలం. నడిసముద్రంలో రాపిడి చోట్లను తరచూ చూడటం, అరిగే చోటు మార్చడమే ప్రధాన రక్షణ.

నిల్వ

పూర్తిగా ఆరిన తాళ్లను మాత్రమే భద్రపరచాలి. కుడి పురి ఉన్న పేటల తాడును గడియారం ముల్లు తిరిగే దిశలో, అల్లిక తాడును ఎనిమిది అంకె ఆకారంలో చుడితే మెలిక పడదు. చుట్టలను నేల మీద పడేయకుండా, బ్యాటరీ ఆమ్లానికి, ఇంధనానికి దూరంగా, ఎండ తగలని చోట వేలాడదీస్తారు.