గాలిని బట్టి ఆట: రెండు దారాల గాలిపటాల కథ



మన సరిహద్దు జిల్లాల్లో నాలుగు మైళ్ళు నడిస్తే మాట మారుతుందంటారు. గాలిపటాన్నే చూడండి. బళ్ళారి, రాయచూరు వైపు కన్నడంలో 'గాళిపట' అంటారు. అది మన మాటే అనిపిస్తుంది. మహారాష్ట్ర వైపు 'పతంగ్' అంటారు. హైదరాబాదు తెలుగువారికీ అది పతంగే. తమిళంలో 'పట్టం'. బరంపురం దాటితే ఒడియావారు 'గుడి' అంటారు. మనకు గుడి అంటే దేవాలయం, వారికి గాలిపటం! ఎగరేసే కాలమూ ఒకటి కాదు. మనలో చాలామందికి అది సంక్రాంతి ముచ్చట. కర్ణాటకలోని దొడ్డబళ్ళాపురంలో ఆషాఢమాసపు గాలికి ఎగరేస్తారు.

ఇన్ని తేడాలున్నా ఒక్క విషయంలో అందరిదీ ఒకటే పద్ధతి. పటానికి దారం ఒక్కటే. లాగితే ముక్కు ఎటు ఉంటే అటు దూసుకుపోతుంది, వదిలితే గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడులో ముక్కు మనకు కావలసిన వైపు వచ్చిన క్షణాన మళ్ళీ లాగాలి. ఒక్క దారంతో పటాన్ని ఇలా చెప్పుచేతల్లో పెట్టుకోవడం మన దేశపు ఆటగాళ్ళ గొప్ప నేర్పు. అయితే దారం రెండైతే ఏమవుతుంది? నాలుగైతే? ఆ ప్రశ్న వేసుకున్నవారి కథే ఈనాటి ప్రసంగం. ఆ కథ చివరికి ఒక నాట్యం దగ్గరకు చేరింది. సంగీతానికి అనుగుణంగా పటాలను ఆకాశంలో ఆడించే ఈ విద్యను పాశ్చాత్య దేశాల్లో గాలిపటాల బాలే అంటున్నారు.

ఈ కథలో మొదట చెప్పుకోవలసిన మనిషి ఒక బడిపంతులు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరానికి చెందిన ఆయన పేరు జార్జ్ పోకాక్. పెద్ద పెద్ద గాలిపటాలకు నాలుగు దారాలు కట్టి, వాటితో గుర్రాలు లేని బండిని లాగించాడు. 1826లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో రహదారి సుంకం గుర్రాల లెక్కన వసూలు చేసేవారు. ఈ బండికి గుర్రాలే లేవు కాబట్టి సుంకం కట్టనక్కరలేకపోయింది! క్రికెట్ అభిమానులకు ఇంకో సంగతి. ఈ పోకాక్ కూతురు మార్తా కొడుకే సుప్రసిద్ధ ఆటగాడు డబ్ల్యు. జి. గ్రేస్.

తరువాత 1899లో రైట్ సోదరులు అమెరికాలోని డేటన్ పట్టణంలో రెండు అంతస్తుల రెక్కలున్న గాలిపటం ఒకటి చేశారు. దానికి నాలుగు దారాలు. ఆ దారాల కొసలను చేతిలో పట్టుకునే రెండు కర్రలకు కట్టారు. కర్రలను వంచితే రెక్కలు మెలితిరిగి పటం పక్కకు ఒరిగేది. 1903లో ఎగిరిన వారి విమానాన్ని అదుపు చేసిన సూత్రం ఇదే. అంటే విమానయానానికి తొలి పాఠం గాలిపటం దగ్గరే మొదలైందన్నమాట.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళంలో పనిచేసిన పాల్ గార్బర్ రెండు దారాలతో తిప్పగలిగే పటం ఒకటి తయారుచేశాడు. దాని మీద శత్రువిమానం బొమ్మ వేసేవారు. ఓడ మీది గన్నర్లకు అదే గురి. పటం పల్టీలు కొడుతుంటే వారు గురిచూసి కాల్చడం నేర్చుకునేవారు. యుద్ధంలో గురి అయిన ఈ పటం శాంతికాలంలో ఆటవస్తువైంది. 1972లో ఇంగ్లండుకు చెందిన పీటర్ పావెల్ వజ్రాకారపు పటాన్ని రెండు దారాలతో తయారుచేశాడు. దానికి బోలుగా ఉండే పొడవాటి ప్లాస్టిక్ తోక. గాలి నిండిన ఆ తోక పటం వెళ్ళిన దారినంతా ఆకాశంలో గీతలా చూపించేది. మనిషి చేతి కదలిక ఆకాశంలో బొమ్మ కడుతుందని చాలామంది మొదటిసారి చూసింది ఆ పటంతోనే.

1980ల నాటికి త్రికోణాకారపు పటాలు వచ్చాయి. తేలికైన కార్బన్ ఫైబర్ పుల్లలు, చిరగని నైలాన్ బట్ట, సాగని నున్నని దారం దొరికాయి. ఈ దారం సంగతి కొంచెం చెప్పాలి. మన మాంజాకు గాజుపొడి పూస్తారు, ఎదుటివాడి దారం తెగాలని. ఈ దారం గుణం సరిగ్గా దానికి ఎదురు. రెండు దారాలు ఒకదానికొకటి నాలుగైదు మెలికలు పడినా జారుతూనే ఉంటాయి, పటం మాట వింటూనే ఉంటుంది. అందుకే నలుగురైదుగురు పక్కపక్కన నిలబడి పటాలను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పగలుగుతున్నారు. 1980ల చివర అమెరికాలోని శాండియేగోలో హాడ్జికీ సోదరులు నాలుగు దారాల పటాన్ని తెచ్చారు. అది ముందుకే కాదు, వెనక్కూ పోతుంది, గాలిలో ఉన్నచోటనే ఆగుతుంది. కెనడాలోని వాంకూవర్‌కు చెందిన రే బెథెల్ ఒక్కడే మూడు పటాలను, రెండు చేతులకు రెండు, నడుముకు ఒకటి కట్టుకుని ఆడించి పేరు పొందాడు.

పరికరాలు కుదిరాక పోటీలు పుట్టాయి. వాటిలో రెండు రకాలు. ఒకటి, ముందే నిర్ణయించిన బొమ్మలను కొలిచినట్టు గీయడం. రెండోది బాలే. ఇందులో సంగీతం ఆటగాడి ఇష్టం, కూర్పు ఆటగాడిదే. ఆట నాలుగైదు నిమిషాల లోపే ముగుస్తుంది. కానీ ఆ నాలుగు నిమిషాల వెనక నెలల ఆలోచన ఉంటుంది. ఎందుకంటే పాట ఎప్పుడూ ఒకే వేగంతో నడుస్తుంది. గాలి అలా నడవదు.

ఇక్కడ ఒక లెక్క చూద్దాం. మీ పటం సెకనుకు ఐదు మీటర్లు పోతోందనుకోండి. పది మీటర్ల భుజంతో చతురస్రం గీస్తే నలభై మీటర్లు, ఎనిమిది సెకన్లు. పాటలో ఒక చరణం పాదం కూడా ఎనిమిది సెకన్లే అనుకోండి. బొమ్మా పాదమూ కలిసి ముగుస్తాయి, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. పోటీ నాటికి గాలి పెరిగి పటం రెట్టింపు వేగంతో పోతే నాలుగు సెకన్లకే చతురస్రం అయిపోతుంది. మిగతా నాలుగు సెకన్లు ఏంచేయాలి? గాలి తగ్గితే మరో చిక్కు. పాట ముందుకు పోతుంది, పటం ఇంకా మూడో మూలలోనే ఉంటుంది.

అందువల్ల అనుభవం ఉన్న ఆటగాళ్ళు ఒక పాటకు ఒకే కూర్పు చేసుకోరు. మూడు చేసుకుంటారు. పాటలోని ముఖ్యమైన తాళాల దగ్గర పటం ఎక్కడ ఉండాలో, ఏం చేయాలో ఖాయంగా నిర్ణయిస్తారు. ఒక పెద్ద దెబ్బకు పటం నేలను తాకీ తాకకుండా ఆగాలి, అంతే. ఆ రెండు గుర్తుల మధ్య దారి మాత్రం గాలిని బట్టి మారుతుంది. గాలి ఎక్కువైతే బొమ్మను పెద్దది చేస్తారు, లేదా రెండుసార్లు తిప్పుతారు. తక్కువైతే బొమ్మను కుదిస్తారు, మూలలు తగ్గిస్తారు. కొందరు రెండు పాటలే సిద్ధం చేసుకుంటారు. మంద్రంగా నడిచేది పలుచని గాలికి, ఉధృతమైనది ఈదురుగాలికి.

పటం ఎక్కడ ఆడాలన్నదీ గాలే చెబుతుంది. గాలి వీపుకు తగిలేలా నిలబడితే మీ ఎదుట అర్ధగోపురంలాంటి ఆకాశభాగం ఉంటుంది. పటం అందులోనే ఎగరగలదు. నడిమధ్యన లాగుడు ఎక్కువ. అంచులకు, నడినెత్తికి పోయేకొద్దీ లాగుడు తగ్గుతుంది. గాలి పలుచగా ఉన్నప్పుడు అంచుల దాకా పోతే పటం జారి పడుతుంది కాబట్టి ఆట మధ్యలోనే నడపాలి. బలంగా ఉన్నప్పుడు అంచుల్లో మెల్లని అభినయం, మధ్యలో దూకుడు పెట్టుకోవచ్చు.

మూడో ఉపాయం కాళ్ళది. గాలి గంటకు ఎనిమిది కిలోమీటర్లు ఉంటే, మీరు నాలుగు కిలోమీటర్ల వేగంతో వెనక్కు నడిస్తే పటానికి పన్నెండు కిలోమీటర్ల గాలి తగిలినట్టు. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక బలం రెండింతలకు పైగా అవుతుంది. బాగానే ఉంది కానీ నాలుగు నిమిషాలు అలా నడిస్తే రెండువందల అరవై మీటర్లకు పైగా వెనక్కు పోతారు. అంత జాగా మైదానంలో ఎక్కడిది? కాబట్టి ఖర్చు చేసిన నేలను తిరిగి సంపాదించుకోవాలి. పటం పైనుంచి మధ్యభాగంలోకి దిగేటప్పుడు దానికి లాగుడు ఎక్కువగా ఉంటుంది. ఆ సమయంలో గబగబా ముందుకు నడుస్తారు. ఎక్కడ వెనక్కు పోవాలి, ఎక్కడ ముందుకు రావాలి అన్నది పాటతోపాటే కాగితం మీద రాసుకుంటారు. గాలి హెచ్చినప్పుడు ముందుకు నడిచి పటం జోరు తగ్గిస్తారు.

ఇక పటమూ మార్చుకుంటారు. పలుచని గాలికి తేలికైన బట్ట, సన్నని దారం. బలమైన గాలికి వలలాంటి బట్ట అమర్చిన పటం, గాలి కొంత దానిలోంచి పోతుంది. సూత్రం ముడి కాస్త జరిపితే పటం ముక్కు వాలు మారుతుంది. మన పిల్లలు మేడమీద ఒక పటానికి రెండు మూడుసార్లు సూత్రం విప్పి కట్టడం మీరు చూసే ఉంటారు. ఆ తెలివే ఇది. జట్టుగా ఆడేవారికి ఇంకో జాగ్రత్త ఉంది. కుడికి రెండు చుట్లు తిరిగితే దారాలు రెండు మెలికలు పడతాయి. వాటిని విప్పే ఎడమ చుట్లు కూర్పులో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. జట్టు నాయకుడు నోటితో పిలుస్తూ అందరినీ నడుపుతాడు. గాలి మారితే పిలుపు మారుతుంది.

గాలిని కొలిచే యంత్రం లేదే అని మీరు అనవచ్చు. 19వ శతాబ్ది ఆరంభంలో బ్రిటిష్ నావికుడు ఫ్రాన్సిస్ బోఫర్ట్ కళ్ళతో చూసే గుర్తులతో గాలికి అంకెలు వేశాడు. దాన్ని తరువాతివారు నేల మీది గుర్తులకు అన్వయించారు. ఆకులు గలగలలాడి ముఖానికి గాలి తగిలితే రెండో అంకె, గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు. చిన్న కొమ్మలు ఆగకుండా ఊగితే మూడు, 12 నుంచి 19. దుమ్ము, కాగితం ముక్కలు లేస్తే నాలుగు, 20 నుంచి 28. ఈ మూడు అంకెలకూ మూడు కూర్పులు సరిపోతాయి. మన పల్లె పిల్లలకు ఈ గుర్తులు ఎవరూ నేర్పనక్కరలేదు, అంకెలు మాత్రం నేర్పాలి.

ఇదంతా మనకెందుకు అంటారేమో. అహ్మదాబాదులో 1989 నుంచి అంతర్జాతీయ గాలిపటాల ఉత్సవం జరుగుతూ వచ్చింది. 2018లో సికిందరాబాదు పరేడ్ మైదానంలోనూ అలాంటి ఉత్సవం చేశారు. విదేశీ ఆటగాళ్ళు ఈ విద్యను మన వాకిట్లోకి తెచ్చారు. మరోవైపు సంక్రాంతి వచ్చిందంటే సింథటిక్ మాంజా మెడకు తగిలి ద్విచక్రవాహనదారులు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. పక్షులు రెక్కలు తెగి పడుతున్నాయి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అలాంటి మాంజాను దేశమంతటా నిషేధించింది. నిషేధం ఉన్నా అమ్మకం ఆగలేదన్నది మనందరికీ తెలుసు. పిల్లవాడి చేతిలోని మాంజా లాక్కోవడం తేలిక. దాని బదులు అంతకంటే సరదా అయినది చేతిలో పెట్టడమే కష్టం. ఎదుటివాడి దారం తెంపనక్కరలేని పోటీ ఒకటి ఉందని పిల్లలకు తెలియాలి కదా.

ఉపాధ్యాయ మిత్రులు, తల్లిదండ్రులు పూనుకుంటే వెదురుపుల్లలతో, పలుచని ప్లాస్టిక్ కాగితంతో రెండు దారాల పటం ఇంట్లోనే చేయించవచ్చు. కరెంటు తీగలకు దూరంగా, ఉరుములు మెరుపులు లేని రోజున, ఖాళీ మైదానంలో ఆడించండి. బిగుసుకున్న దారం మాంజా కాకపోయినా చర్మాన్ని కోస్తుంది, కనుక పటం తిరిగే వైపు ఎవరినీ రానివ్వకండి. మొదట ఎనిమిది అంకె అడ్డంగా గీయడం నేర్పండి. తరువాత పిల్లలకు ఇష్టమైన పాట ఒకటి పెట్టి, ఆకులు ఊగేదాన్ని బట్టి ఈరోజు ఏ కూర్పు ఆడాలో వారినే నిర్ణయించనివ్వండి.