అల్ ఖుసూర్ మఠం, బేత్ ఖత్రాయే నైతిక చింతన

కువైట్ తీరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫైలకా దీవి మధ్యభాగంలో బయటపడిన క్రైస్తవ మఠ శిథిలాలను అల్ ఖుసూర్ అంటారు. ఇవి సిరియాక్ భాషలో ఆరాధించిన తూర్పు సంఘానికి చెందినవి. గ్రీకులు ఇకారోస్ అన్న ఈ దీవికి పేరు తెచ్చింది ఎక్కువగా హెలెనిస్టిక్ కాలపు కోటే. కానీ నైతిక చింతన చరిత్రలో ఫైలకా ప్రస్తావన రావలసింది ఈ మఠం వల్ల.

ఇక్కడి చర్చిని 1980ల చివర ఫ్రెంచి బృందం తవ్వింది. గచ్చుతో చేసిన రెండు పెద్ద శిలువ ఫలకాలు అప్పుడే వెలుగుచూశాయి. కట్టడం 5వ శతాబ్దం చివరిదో 6వ శతాబ్దం తొలినాళ్లదో అని వారు తొలుత భావించారు. తర్వాత కుండపెంకుల పునఃపరిశీలన, 2011లో మొదలైన ఫ్రెంచి–కువైట్ తవ్వకాలు ఆ కాలాన్ని ముందుకు జరిపాయి. 7 నుంచి 9వ శతాబ్దం మధ్య అన్నదే ఇప్పుడు బలమైన వాదం. ఇది కేవలం తేదీల తగాదా కాదు. కొత్త లెక్క ప్రకారం ఈ సన్యాసులు ఇస్లామిక్ పాలన కింద బతికినవారు, అదే సంఘానికి చెందిన సన్యాసి రచయిత నీనెవె ఇస్సాకుకు సమకాలికులో ఆ తర్వాతి తరాలవారో అవుతారు.

ఇస్సాకు పుట్టింది బేత్ ఖత్రాయేలో. నేటి ఖతార్‌కే పరిమితం చేసి ఆయనను ఖతార్‌వాడు అనడం కద్దు. కానీ ఆ పేరు అరేబియా తూర్పు తీరాన్ని, దీవులను కలిపి చెప్పేది. దాని ఉత్తరపు హద్దు ఎక్కడిదాకా అన్నది స్పష్టంగా లేదు. ఫైలకాలో ఆయన నివసించినట్టు ఆధారమూ లేదు. ఆయననూ ఈ మఠాన్నీ కలిపేది ఒకే సంఘం, ఒకే సముద్రతీరం. 676లో సంఘాధిపతి (కతోలికోస్) మొదటి గివర్గీస్ ఈ ప్రాంతానికి వచ్చి దారీన్‌లో సభ జరిపాడు. క్రైస్తవుల తగాదాలు సంఘంలోనే తీరాలనీ, క్రైస్తవ స్త్రీలు అన్యమతస్థులను పెళ్లాడరాదనీ ఆ సభ కట్టుబాట్లు చేసింది.

ఆ గివర్గీసే ఇస్సాకును నీనెవె బిషప్‌గా నియమించాడు. అయిదు నెలలకే ఆయన పదవి వదిలేశాడు. కారణం దేవుడికే తెలియాలని 9వ శతాబ్దపు బస్రా బిషప్ ఈషోదెనహ్ రాశాడు. తర్వాతి కాలపు అరబ్బీ జీవితగాథ మాత్రం ఒక సంఘటన చెబుతుంది. ఇద్దరు అప్పు తగాదాతో ఆయన దగ్గరికి వచ్చారట. బాకీదారుకు ఇంకొంత గడువిమ్మని ఆయన సువార్తను గుర్తుచేస్తే, సువార్తను పక్కన పెట్టమన్నాడు అప్పిచ్చినవాడు. సువార్తే పక్కకు పోతే ఇక్కడ నాకేం పని అని ఇస్సాకు లేచి వెళ్లిపోయాడట. కథ ఆయన స్వభావానికి సరిగ్గా అతుకుతుంది, అందుకే కొంత అనుమానించాలి. ఈషోదెనహ్ మౌనమే ఎక్కువ నమ్మదగింది. ఇస్సాకు చివరి రోజులు రబ్బాన్ షాబూర్ మఠంలో గడిచాయి. చదివి చదివి చూపు పోయిందని అంటారు.

ఇస్సాకు నీతిలో న్యాయం కంటే కరుణదే పైచేయి. పాపికి తగిన శిక్ష పడాలన్న లెక్కను దేవుడికి అంటగట్టడం దైవదూషణతో సమానమని ఆయన భావన. కరుణ నిండిన హృదయం మనుషుల కోసమే కాదు, పక్షుల కోసం, పశువుల కోసం, పాకే ప్రాణుల కోసం, చివరికి దయ్యాల కోసం కూడా కన్నీరు పెడుతుందంటాడు. నరకశిక్ష శాశ్వతం కాదన్న ఆలోచనను తన రచనల ‘రెండవ భాగం’లో విస్తరించాడు. ఇందులో వేదాంతి మోప్సువెస్తియా థియోడోర్ ప్రభావం ప్రస్ఫుటం.

ఆయన రచనల ‘మొదటి భాగం’ పాలస్తీనాలోని మార్ సాబా మఠంలో, బహుశా 8–9 శతాబ్దాల సంధిలో, గ్రీకులోకి వెళ్లింది. అక్కడి నుంచి స్లావిక్ ప్రపంచానికి చేరింది. దోస్తోయెవ్‌స్కీ నవల ‘కరమజోవ్ సోదరులు’లో ఆయన ప్రసంగాల పుస్తకం నౌకరు గ్రిగోరి దగ్గర కనిపిస్తుంది. పోయిందనుకున్న ‘రెండవ భాగం’ రాతప్రతిని సిరియాక్ పండితుడు సెబాస్టియన్ బ్రాక్ 1983లో ఆక్స్‌ఫర్డ్‌లో గుర్తించాడు. వేరే సంఘానికి చెందిన ఇస్సాకు పేరును 2024 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ రోమన్ పరిశుద్ధుల పట్టికలో చేర్చాడు.