గోడల గవాహీ

విశాఖ వన్ టౌన్‌లో పాత ఇమారతుల తస్వీరులు తీయడం నాకు షౌక్. టౌన్ హాల్, నూరేళ్లు దాటిన కురుపాం మార్కెట్, దర్గా కొండ దిగువ గల్లీలు... ఒక జమానాలో షహర్ అంటే ఈ మొహల్లాలే.

1933లో పోర్టు మొదలైంది. 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక ఇనుప ఖనిజం పెద్ద ఓడలకెక్కింది. ఖనిజం, బొగ్గు ధూళి మొహల్లా మీద వాలింది. నా తస్వీరుల్లో సున్నపు గోడలపై కనిపించే నలుపు అదే.

1964లో రూత్ గ్లాస్ లండన్ గురించి రాస్తూ, డబ్బున్నవాళ్లు వచ్చి పేదల మొహల్లాలను ఆక్రమిస్తున్నారంది. ఇక్కడ కథ ఉల్టా. దౌలత్ ఉన్నవాళ్లు ఎంవీపీ కాలనీ వైపు, బీచ్ రోడ్డు వైపు వెళ్లారు. అక్కడ పాత బంగళాలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇక్కడ కిరాయిదారులు, మజ్దూర్లు మిగిలారు.

రేపు ధూళి తగ్గి ఈ ఇమారతులకు ఖదర్ వస్తే కిరాయిలూ పెరుగుతాయి. ఇన్నేళ్లు ఆ ధూళి పీల్చినవాళ్లకు అప్పుడు ఇక్కడ జాగా ఉంటుందా? అందుకే ఇజాజత్ తీసుకుని, గుమ్మంలో నిలబడ్డ మనుషుల్నీ తస్వీరులో ఉంచుతాను.

మీ ఇంట్లో వన్ టౌన్ పాత ఫోటోలుంటే, వెనకవైపు సన్, గల్లీ పేరు, ఆ ఇంట్లో ఎవరుండేవారో రాసిపెట్టండి. పెద్దలు హయాత్‌లో ఉండగానే అడగండి.