తొక్కుటయా? నడుపుటయా?

మన భాషలో సైకిలును తొక్కుతాము, మోటారు బండిని నడుపుతాము. "సైకిలు నడుపుచున్నాడు" అని వ్రాసిన పిల్లల నోటుపుస్తకాలను ముప్పయి అయిదేళ్ళపాటు ఎర్రసిరాతో దిద్దిన చేయి నాది. ఆ చేతితోనే క్రిందటి వారం ఒక విద్యుత్ సైకిలుకు బయానా ఇచ్చి వచ్చాను. దానిని తొక్కాలా, నడపాలా అన్నది చూడబోతే వ్యాకరణ సందేహమే. కాని నాకు బండి ఎంపికలో దారి చూపినది ఆ సందేహమే. అందుకోసం కొంత చరిత్ర తిరగవేయవలసి వచ్చింది. తోటి బ్లాగరులలో సైకిలు ప్రియులు కొందరున్నారని ఎరుగుదును కనుక ఆ చదివినది ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా నా అవసరం చెప్పాలి. 1983లో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఇరవై నాలుగంగుళాల సైకిలు కొన్నాను. ఊరినుండి బడికి కాలువ గట్టు వెంబడి తొమ్మిది కిలోమీటర్లు. 2018లో పదవీ విరమణ చేసేదాకా వానాకాలపు బురద రోజులు తప్ప ఆ దారి తప్పలేదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పల్లెకు వెళుతుంటాను. అక్కడ నా సహోపాధ్యాయుడొకరు పక్షవాతంతో మంచానపడి ఉన్నారు. చూపు కూడా మందగించింది. మంగళవారం, శనివారం వారికి భారతం చదివి వినిపించడం మా ఒప్పందం. నిరుడు నా కుడి మోకాలు మొరాయించింది. సైకిలు మానవద్దు గాని ఎదురుగాలిలోను, వంతెనల ఎత్తు మీద బలవంతంగా తొక్కవద్దు అన్నారు డాక్టరుగారు. స్కూటరు కొనిపెడతానన్నాడు మా అబ్బాయి. "కాళ్ళు ఆడినన్నాళ్ళు ఆడనీయరా" అన్నది మా ఇంటావిడ. ఆ వాక్యమే గెలిచింది.

ఇక చరిత్ర. 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఉద్యోగి రెండు చక్రాల కొయ్యబండి ఎక్కి ఊరేగాడు. దానికి పెడళ్ళు లేవు. కూర్చుని పాదాలతో నేలను వెనుకకు తన్నుకొంటూ పోవడమే. ఒక విధంగా అదే అసలైన తొక్కడం, నేలనే తొక్కడం గదా! 1860ల పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు వచ్చాయి. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు వచ్చింది. ఇంచుమించు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రానికి గొలుసు. మన ఊళ్ళలోని సైకిలు రూపం అప్పటినుండి పెద్దగా మారలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు డన్‌లప్ గాలి టైరు ఇచ్చాడు.

విద్యుత్తు ఈ కథలోకి నిన్న మొన్న వచ్చిందని నేను అనుకొనేవాణ్ణి. కాదు. రోవర్ సైకిలు పుట్టకముందే, 1881లో, గుస్తావ్ త్రూవే పారిస్ వీధిలో మోటారుతో మూడు చక్రాల బండిని నడిపి చూపాడు. 1895 డిసెంబరు 31న అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆగ్డెన్ బోల్టన్‌కు వెనుక చక్రపు నాభిలో మోటారును ఇమిడ్చిన సైకిలుకు పేటెంటు దొరికింది. పది వోల్టుల బ్యాటరీ, నూరు ఆంపియర్ల కరెంటు. అంటే వేయి వాట్లు! రెండేళ్ళ తరువాత బోస్టన్‌వాసి హోసియా లిబ్బీ పెడళ్ళ ఇరుసు దగ్గరే మోటార్లను అమర్చే ఊహ చేశాడు. ఈనాడు అంగడిలో నాభి మోటారా, నడిమి మోటారా అని మనల్ని అడుగుతున్న ప్రశ్న నూట పాతికేళ్ళకు పైబడినదన్నమాట.

మరి ఇంత కాలం అవి ఎక్కడికి పోయాయి? జవాబు బ్యాటరీలో ఉన్నది. ఆనాటిది సీసపు బ్యాటరీ. మోసేది తక్కువ, బరువు ఎక్కువ. ఇంతలో పెట్రోలు వచ్చి దారి ఆక్రమించింది. 1932లో హాలండులో గజెల్, ఫిలిప్స్ సంస్థలు కలిసి విద్యుత్ సైకిలు తెచ్చినా నిలవలేదు. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని అంగడిలోకి తెచ్చిన తరువాత గాని ఆ బరువు తీరే మార్గం కనబడలేదు. ఆ బ్యాటరీకి మూలపురుషులైన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

నాకు అన్నిటికన్న ఆసక్తి కలిగించినది 1993లో జపానులో యమహా వారు అమ్మకానికి పెట్టిన బండి. అందులోను మొదట సీసపు బ్యాటరీయే. వారు చేసిన కొత్త పని వేరు. పెడల్ మీద పాదం ఎంత బలంతో నొక్కుతున్నదో ఒక పరికరం కొలుస్తుంది. దానికి తగినంత సాయం మోటారు ఇస్తుంది. పాదం ఆగితే మోటారూ ఆగుతుంది. ఇది తొక్కడమే! నడపడం కాదు.

ఇది కాళ్ళను మోసగించడం కాదా అని నాలోని పాత సైకిలువాడు గొణిగాడు. ఆ గొణుగుడుకూ చరిత్ర ఉన్నది. ఫ్రాన్సులో పాల్ ద వివీ అనే ఆయన వెలోసియో అన్న కలంపేరుతో గేర్ల కోసం జీవితమంతా వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పోటీని 1903లో ఆరంభించిన ఆంరీ దెగ్రాంజ్‌కు గేర్లంటే గిట్టదు. ఆ పోటీలో గేరు మార్చే డిరెయిలరును 1937 వరకు అనుమతించలేదు. గేరును మోసమని ఈనాడు అనేవాడు లేడు. నేను కొంత ఊరడిల్లాను.

మన చట్టం మాట. నా చిన్నతనంలో మా పురపాలక సంఘం వారు సైకిలుకు ఏటేటా పన్ను కట్టించుకొని రేకు బిళ్ళ ఇచ్చేవారు. బిళ్ళ లేకున్నా, రాత్రి దీపం లేకున్నా, ఇద్దరెక్కినా పట్టుకొనేవారు. ఇప్పుడు కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం, మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించకుండా ఉంటే అది మోటారు వాహనమే కాదు. లైసెన్సు లేదు, రిజిస్ట్రేషను లేదు. వట్టి సైకిలుకు బిళ్ళ కట్టిన మా నాన్నగారు ఉంటే నవ్వేవారు.

అంగడిలో కుర్రవాడు మొదట చూపినది పిడి తిప్పితే పరుగెత్తే బండి. నేను దానిని పట్టుకొని పక్కన నిలబడి తెలియక పిడి మెలిపెట్టాను. అది ముందున్న బెంచీని గుద్దుకొని ఆగింది. నడపడమంటే ఏమిటో బోధపడింది. రెండవదానిలో పెడళ్ళు తిరుగుతున్నవా లేదా అన్నది మాత్రమే తెలుసుకొనే పరికరం. ఊరికే కాళ్ళాడిస్తే చాలు, తోసుకుపోతుంది. మోకాలికి ఇదే సుఖమన్నాడు. తొక్కి చూశాను. కాని పెడళ్ళు కొంత తిరిగిన తరువాత గాని సాయం రాదు. నా మోకాలికి అసలు బాధ ఆగిన బండిని కదిలించే తొలి రెండు తొక్కుళ్ళలోనే. మూడవది బలాన్ని కొలిచేది. పాదం ఆనించగానే భుజం తట్టినట్లు వచ్చింది సాయం. వెల ఎక్కువ. అయినా అదే అన్నాను.

మోటారు మాత్రం వెనుక నాభిలోనిదే తీసుకొన్నాను. నడిమి మోటారు గేర్లను వాడుకొని ఎత్తులు బాగా ఎక్కుతుంది గాని మా డెల్టాలో ఎత్తులంటే రైలు వంతెనలే. అదీగాక ఆ మోటారు బలమంతా గొలుసు మీద పడుతుంది. పంక్చరు సంగతీ అడిగాను. మా ఊరివాడు చక్రం ఊడదీయకుండానే ట్యూబు లాగి అతుకు వేస్తాడు, కనుక నాభి మోటారుతో చిక్కు లేదు.

బ్యాటరీది 36 వోల్టులు, 10 ఆంపియర్ గంటలు. అంటే 360 వాట్ గంటలు. బ్యాటరీ నుండి 120 వాట్లు లాగుతుందనుకొంటే మూడు గంటలు. నా రాకపోకలు 28 కిలోమీటర్లు, రెండు గంటల లోపే. ఎదురుగాలి లెక్క వేరు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి అంతే వేగపు గాలి ఎదురైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. వేసవి పడమటి గాలిలో నేను ఓడిపోయేది ఇందుకే.

పేరు విషయం. విద్యుత్ అన్నదానికి చక్రము చేర్చితే శ్చుత్వ సంధి వచ్చి విద్యుచ్చక్రము అవుతుంది. ఇంట్లో ఆ మాట అంటే మనుమరాలు రెండుసార్లు పలకబోయి "కరెంటు సైకిల్" అన్నది. అదే ఉండనీయండి.

బండి మంగళవారం ఉదయానికి చేతికి వస్తుందట. ఉద్యోగపర్వం రెండవ ఆశ్వాసం దగ్గర ఆగి ఉన్నాము. పాత సైకిలును అమ్మలేదు. చావడి గోడకు ఆనించి ఉన్నది, వెనుక టైరుకు గాలి కొట్టించాలి.